కాలేజీలో ఎన్‌సీసీ నేవీలో చేరడం ఎలా, చేరాక మూడేళ్లూ నెట్టుకురావడం ఎలా

డిగ్రీ మొదటి ఏడాదిలో చేరిన పిల్లలు ఎన్‌సీసీ నేవల్ వింగ్ గురించి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "షిప్ ఎక్కిస్తారా?" ఎక్కిస్తారు. కాకపోతే అది మూడేళ్లలో కొద్ది రోజుల ముచ్చట, అదీ అవకాశం దొరికితే. మిగతా కాలమంతా కాలేజీ గ్రౌండ్‌లో ఎండలో కదమ్ తాల్ (నిలబడ్డచోటే అడుగులు వేయడం), చేతిలో ఒక తాడు ముక్క, ఇంటికొచ్చాక బకెట్లో నానబెట్టిన తెల్లబట్టలు. అదంతా విసుగు లేకుండా చేయగలిగినవాళ్లకే సముద్రం దాకా వెళ్లే వంతు వస్తుంది, ఎందుకంటే పేర్లు రాసేటప్పుడు ముందు చూసేది హాజరు పట్టీనే. ఇది తెలిసీ చేరాలనిపిస్తే చదవండి, వరసగా చెప్పుకొస్తాను.

ముందు మీ కాలేజీలో ఏ వింగ్ ఉందో కనుక్కోండి

ఎన్‌సీసీలో ఆర్మీ, నేవీ, ఎయిర్ అని మూడు వింగ్‌లు. ఏది కావాలంటే అది ఎంచుకునే వీలు అన్ని కాలేజీల్లోనూ ఉండదు. కాలేజీకి ఏ వింగ్ సీట్లు కేటాయించారో అదే. మన తీరంలో విశాఖపట్నం, కాకినాడల్లో నేవల్ యూనిట్లు ఉన్నాయి, చుట్టుపక్కల కాలేజీలు వాటి కింద నడుస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లో ఉంది.

సమాచారం కోసం ఆఫీసులో గుమాస్తాని అడిగితే "నోటీసు పెడతారు చూడండి" అంటాడు. అడగాల్సింది ఏఎన్‌వోని, అంటే ఎన్‌సీసీ చూసుకునే లెక్చరర్‌ని. ఆయన ఎవరో తెలియకపోతే తెల్ల యూనిఫాంలో కనబడిన ఏ సెకండియర్ అన్ననో అక్కనో పట్టుకోండి, వాళ్లే తీసుకెళ్తారు.

మీ కాలేజీలో ఆర్మీ వింగే ఉంటే బాధపడి మానేయకండి. క్యాంపులు, సర్టిఫికెట్, క్రమశిక్షణ అన్నీ అక్కడా ఉంటాయి. కానీ మీ లక్ష్యం నేవీ ఆఫీసర్ కావడమే అయితే, నేవీలో ఎన్‌సీసీ వాళ్ల కోసం పెట్టిన ఖాళీలు నేవల్ వింగ్ 'సి' సర్టిఫికెట్ (మూడో ఏడు పరీక్ష పాసైతే వచ్చేది) ఉన్నవాళ్లకే. కాబట్టి అడ్మిషన్ తీసుకునే ముందే ఈ సంగతి కనుక్కుంటే మంచిది. చేరాక కాలేజీ మారడం చాలా తలనొప్పి.

సెలక్షన్ రోజు

కాలేజీ తెరిచిన కొద్ది వారాల్లోనే సెలక్షన్ జరుగుతుంది. కాలేజీ పిల్లల విభాగంలో, అంటే అబ్బాయిలకు సీనియర్ డివిజన్, అమ్మాయిలకు సీనియర్ వింగ్, శిక్షణ మూడేళ్లు. అందుకే ఫస్టియర్‌లోనే చేరాలి. సెకండియర్‌లో బుద్ధి పుట్టి వస్తే 'సి' సర్టిఫికెట్‌కి కావాల్సిన కాలం మిగలదు.

సాధారణంగా పరుగు పెట్టిస్తారు, ఎత్తు బరువు చూస్తారు, చిన్న రాతపరీక్షో నాలుగు ప్రశ్నలో ఉంటాయి. ఒలింపిక్స్ స్థాయి ఏమీ కాదు, కానీ ఇంటర్ రెండేళ్లూ కుర్చీలోంచి లేవకుండా ఎంసెట్‌కి చదివినవాళ్లకి ఆ పరుగే గండం. సెలక్షన్‌కి మూడు వారాల ముందు నుంచి రోజూ పొద్దున్నే నెమ్మదిగా పరిగెత్తండి. మొదటి రోజు నడక, పరుగు కలిపి చేసినా ఫర్వాలేదు, ఆగకుండా పది పన్నెండు నిమిషాలు పరిగెత్తగలిగితే చాలు. సెలక్షన్ రోజున కొత్త బూట్లు వేసుకోకండి, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

కాగితాలు ముందే ఒక ఫైలులో పెట్టుకోండి: టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటోలు, అమ్మానాన్నల సంతకంతో అంగీకారపత్రం, డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఫారంలో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయాలి, ఒక్క అక్షరం అటూఇటూ కాకూడదు. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరమా అనేది మన తెలుగువాళ్లకి జీవితాంతం ఉండే తద్దినమే కదా, ఇక్కడ సరిగా చూసుకోకపోతే మూడేళ్ల తర్వాత సర్టిఫికెట్ మీద అదే తప్పు అచ్చయి వస్తుంది.

ఇంకోటి. కళ్లద్దాలున్నా క్యాడెట్‌గా చేరవచ్చు. కానీ నేవీ ఎగ్జిక్యూటివ్ బ్రాంచిలో ఆఫీసర్ కావాలనుకునేవాళ్లు ఫస్టియర్‌లోనే ఒకసారి కంటి డాక్టర్ దగ్గర రంగుల పరీక్ష చేయించుకోండి. రాత్రి పూట ఓడల ఎరుపు, ఆకుపచ్చ దీపాలు గుర్తుపట్టాల్సిన ఉద్యోగం అది, వర్ణాంధత్వం ఉంటే తీసుకోరు. ఆ సంగతి మూడేళ్లు కష్టపడ్డాక తెలియడం కన్నా ముందే తెలియడం మేలు.

తెల్లబట్టల సంగతి

దీని గురించి ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు, తిట్లు మాత్రం అందరూ తింటారు. ఆర్మీ క్యాడెట్ ఖాకీ వేసుకుని నేల మీద కూర్చున్నా తెలియదు. మీది తెలుపు. ఆర్టీసీ బస్సు సీటు, షేర్ ఆటో అంచు, క్యాంటీన్ బల్ల, అన్నీ మీ శత్రువులే.

మొదటి సూత్రం, యూనిఫాం వేసుకుని ప్రయాణం చేయకండి. మామూలు బట్టల్లో వెళ్లి, ఇస్త్రీ చేసినది కవర్లో పెట్టుకుని, కాలేజీలో మార్చుకోండి. హ్యాంగర్‌తో సహా తీసుకెళ్లే సీనియర్లని చూసి నవ్వుకుంటారు మొదట్లో, నెల తిరిగేసరికి మీరూ అదే పని చేస్తారు.

ఉతకడం: పరేడ్ అయిన రోజే ఉతకాలి. చెమట పట్టిన కాలర్, చంకల దగ్గర రెండు రోజులు వదిలేస్తే పసుపు మరక దిగుతుంది, తర్వాత ఎంత రుద్దినా పోదు. నానబెట్టే ముందే ఆ చోట్ల సబ్బు రుద్ది పది నిమిషాలు ఉంచండి. రంగు బట్టలతో కలపకండి. హాస్టల్లో ఉన్నవాళ్లు రూమ్మేట్ ఎర్ర టీషర్ట్ ఉన్న బకెట్‌కి దూరంగా ఉండండి.

ఉజాలా గానీ నీలిమందు గానీ వేసేటప్పుడు ముందు నీళ్లలో వేసి చేత్తో బాగా కలిపాకే బట్ట ముంచాలి. బట్ట మీద నేరుగా పోస్తే నీలం మచ్చలు పడతాయి, అవి పోవాలంటే మళ్లీ రెండు ఉతుకులు. చుక్కలు తక్కువే వేయండి. ఎక్కువ వేస్తే తెలుపు పోయి లేత నీలం వస్తుంది, వరసలో మీరొక్కరే వేరుగా కనబడతారు.

గంజి పెట్టేవాళ్లు వడకట్టి పెట్టండి, మెతుకు అంటుకుని ఇస్త్రీ పెట్టె కింద మాడితే ఆ మరక పోదు. మన తీరంలో ఉక్కకి గంజి పది గంటలకల్లా మెత్తబడిపోతుంది, అందుకని చిక్కగా పెట్టి లాభం లేదు, పల్చగా పెట్టి ఇస్త్రీ మీద శ్రద్ధ పెట్టండి. వానాకాలంలో ఫ్యాన్ కింద రాత్రంతా ఆరేయాల్సిందే. రెండు జతలు ఉంటే ప్రాణం హాయి. యూనిట్ నుంచి వచ్చేది కాక ఒక తెల్ల ప్యాంటు సొంతంగా కుట్టించుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

బూట్లు నల్లవి, అవే ప్యాంటుకి ప్రమాదం. పాలిష్ రాత్రే చేసేయండి, పొద్దున్న బట్టతో తుడిచి మెరుపు తేవడం మాత్రమే మిగలాలి. పాలిష్ పట్టించి కాసేపు ఆరనిచ్చి, బ్రష్ కొట్టి, ఆ తర్వాత కొంచెం తడి చేసిన మెత్తటి బట్టతో ముక్కు భాగం మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. తొడుక్కునేటప్పుడు ప్యాంటు అంచులు రెండు మడతలు పైకి పెట్టి, బూటు లేసు కట్టాకే దించండి. ఇత్తడి వస్తువులకి బ్రాసో రాసేటప్పుడు బెల్టు నుంచి విడదీసి రాయాలి, లేకపోతే ఆ నల్లటి జిడ్డు తెల్ల బట్టకి అంటుతుంది.

అమ్మాయిలకి ఒక మాట. జుట్టు ముడి, నెట్, నల్ల పిన్నులు ఒక చిన్న డబ్బాలో ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి. నెలసరి రోజుల్లో తెల్ల యూనిఫాం అంటే అందరికీ టెన్షనే. ఒక ప్యాంటు అదనంగా తెచ్చుకోండి, అవసరమైతే ఆ రోజు పీటీ నుంచో బోట్ పని నుంచో మినహాయింపు అడగండి. మేడమ్ ఉంటే మేడమ్‌కి, లేకపోతే సీనియర్ అక్కకి చెప్పండి, ఆమె అడుగుతుంది. అడగడానికి సిగ్గుపడి ఎండలో నిలబడి పడిపోవడం కన్నా ఇది నయం.

పరేడ్

కమాండ్లు హిందీలో ఉంటాయి. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. హిందీ రాకపోయినా వారంలో చెవికి అలవాటవుతాయి. కమాండ్‌లో రెండు భాగాలుంటాయని గమనించండి: మొదటి మాట హెచ్చరిక, చివరి మాటకి కదలాలి. "పీఛే" అనగానే తిరిగేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. సెల్యూట్‌లో నేవీ పద్ధతి వేరు, అరచేయి నేల వైపు తిరిగి ఉంటుంది, ఆర్మీ వాళ్లలా ఎదుటివాళ్లకి కనబడదు. టీవీలో చూసి నేర్చుకున్నది చేయకుండా నేవీ ఇన్‌స్ట్రక్టర్ చూపించినట్టు చేయండి.

పొద్దున ఖాళీ కడుపుతో రాకండి. రెండు ఇడ్లీలో ఒక అరటిపండో తిని, నీళ్లు తాగి రండి. సావధాన్‌లో ఎక్కువసేపు నిలబడ్డప్పుడు మోకాళ్లు బిర్రుగా బిగించేయకుండా కొంచెం వదులుగా ఉంచి, బూట్లలో కాలివేళ్లు కదుపుతూ ఉండండి, రక్తం కాళ్లలో నిలిచిపోకుండా ఉంటుంది. కళ్లు తిరుగుతున్నట్టు అనిపిస్తే పరువు కోసం ఆగకండి, వెంటనే కూర్చోండి. నిలువునా పడితే గడ్డం పగులుతుంది, కూర్చుంటే ఒక తిట్టుతో పోతుంది.

వరసలో సీనియర్‌ని "సర్" అనాలి, బయటికొచ్చాక "అన్నా" అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. క్యాడెట్ తర్వాత లీడింగ్ క్యాడెట్, పెట్టీ ఆఫీసర్ క్యాడెట్, క్యాడెట్ కెప్టెన్, సీనియర్ క్యాడెట్ కెప్టెన్ అని ర్యాంకులు. ర్యాంకు కోసం వెంపర్లాడే అవసరం లేదు గానీ, రోజూ ముందొచ్చి అందరి పేర్లూ తెలిసినవాడికే అది వస్తుందని మాత్రం చూస్తారు.

హాజరు లెక్క మీరే రాసుకోండి

సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే పరేడ్‌లలో 75 శాతం హాజరు కావాలి. యూనివర్సిటీ కూడా క్లాసులకి సాధారణంగా 75 శాతమే అడుగుతుంది. రెండింటినీ కలిపి నడపడమే అసలు విద్య. చిన్న నోట్‌బుక్‌లో తేదీ, ఎన్ని పీరియడ్లు, ఎవరు తీసుకున్నారు అని రాసుకోండి. ఏడాది చివర రిజిస్టర్‌లో మీ పేరు పక్కన సున్నా కనబడితే నోటి మాట పనికిరాదు, ఈ పుస్తకం పనికొస్తుంది.

క్యాంపుకి వెళ్లే ముందే ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే క్లాసుకి రాకపోయినా హాజరు వేయడం) కోసం కాగితం పెట్టండి. వెళ్లొచ్చాక అడిగితే హెచ్‌వోడీ కనుబొమలు ముడిపడతాయి. క్యాంపు తేదీల మీద ల్యాబ్ ఇంటర్నల్ పడుతుంటే ఆ లెక్చరర్‌ని స్వయంగా కలిసి మరో రోజు అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, చెప్పాపెట్టకుండా మాయమైనవాళ్ల మీదే వాళ్లకి కోపం. సెమిస్టర్ పరీక్షలు ఎదురుగా ఉంటే మాత్రం క్యాంపు వదులుకోండి. బ్యాక్‌లాగ్‌తో ఉన్న 'సి' సర్టిఫికెట్ ఎందుకూ కొరగాదు, ఆ సర్టిఫికెట్ పనికొచ్చే ఆఫీసర్ ఎంట్రీలకి డిగ్రీ కూడా కావాలి. ఇంకో విషయం, 2021 నుంచి ఎన్‌సీసీని క్రెడిట్లుండే ఎలక్టివ్‌గా పెట్టుకోమని యూజీసీ యూనివర్సిటీలకి చెప్పింది. మీ దగ్గర అమల్లో ఉందేమో కనుక్కోండి, ఉంటే ఒక సబ్జెక్టు బరువు తగ్గుతుంది.

తాడు, జెండాలు: ఇంట్లో చేసే పని

నేవల్ వింగ్‌ని మిగతా రెండింటి నుంచి వేరు చేసేవి సీమన్‌షిప్, సిగ్నలింగ్. వీటికి గ్రౌండ్ అక్కర్లేదు, మంచం కోడు చాలు. చిటికెన వేలు లావున్న నూలు తాడు ఒక రెండు మీటర్లు కొనుక్కోండి. నైలాన్ వద్దు, జారిపోతుంది, ముడి ఆకారం కంటికి సరిగా ఆనదు.

ముందు రీఫ్ నాట్. కుడి కొసని ఎడమ కొస మీదుగా వేసి మెలిపెట్టండి, ఆ తర్వాత ఎడమ పక్కనున్న కొసని కుడిదాని మీదుగా వేసి మళ్లీ మెలిపెట్టి లాగండి. సరిగా వస్తే ముడి బల్లపరుపుగా పడుకుంటుంది, ప్రతి కొసా తన తాడు పక్కనే బయటికొస్తుంది. కొసలు అడ్డంగా నిలబడితే తప్పు ముడి పడ్డట్టు, విప్పి మళ్లీ వేయండి. ఒకే లావున్న రెండు తాళ్లని కలపడానికి ఇది. లావులో తేడా ఉంటే షీట్ బెండ్ వేయాలి. పరీక్షలో ముడి వేయడంతో సరిపోదు, "దేనికి వాడతారు?" అని తప్పకుండా అడుగుతారు, చాలామంది మార్కులు అక్కడే పోతాయి.

తర్వాత బోలైన్, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. బరువు పడ్డా బిగుసుకోని ఉచ్చు ఇది, నీళ్లలో పడ్డవాళ్లని పైకి లాగడానికి నడుముకి కట్టవచ్చు. తాడులో ఒకచోట చిన్న చుట్టు చేయండి, కొస వైపు భాగం పైన ఉండేలా. కొసని ఆ చుట్టులోకి కింద నుంచి పైకి తీసి, అసలు తాడు వెనక నుంచి తిప్పి, మళ్లీ అదే చుట్టులోకి పై నుంచి కిందికి దించి లాగండి. మొదట చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాత చేతులు వెనక్కి పెట్టుకుని వేయడం అలవాటు చేసుకోండి. చీకట్లో, తడి చేతులతో వేయాల్సిన ముడి అది.

రాటకి కట్టడానికి క్లోవ్ హిచ్, రింగుకి కట్టడానికి రౌండ్ టర్న్ అండ్ టూ హాఫ్ హిచెస్, తాడు కొస కప్పీలోంచి జారిపోకుండా ఫిగర్ ఆఫ్ ఎయిట్, లంగరు రింగుకి ఫిషర్‌మన్స్ బెండ్. టీవీ చూస్తూ రోజుకి పది నిమిషాలు వేస్తే నెలలో చేతికి వచ్చేస్తాయి.

సెమాఫోర్ అంటే రెండు చేతుల్లో జెండాలు పట్టుకుని, చేతుల స్థానాలతో అక్షరాలు చెప్పడం. దీనికి అక్షరాలని వరసగా బట్టీ పట్టకండి, చేతి గుండ్రాలుగా నేర్చుకోండి. ఏ నుంచి జీ దాకా ఒక చెయ్యి మాత్రమే కదులుతుంది, రెండోది కిందే ఉంటుంది. ఆ ఏడూ వచ్చాక, ఒక చేతిని 'ఏ' అక్షరం స్థానంలో నిలిపి రెండో చేతిని తిప్పుకుంటూ పోతే తర్వాతి గుండ్రం వస్తుంది. పంపడం తొందరగా వస్తుంది, చదవడం కష్టం. అద్దం ముందు సాధన చేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకని స్నేహితుడిని హాస్టల్ మేడ మీద అటు చివర నిలబెట్టి ఒకరికొకరు పంపుకోండి. "టీ తాగుదామా" అని జెండాలతో అడిగి, జవాబు వచ్చేదాకా ఫోన్ ముట్టుకోకూడదని పందెం పెట్టుకుంటే చదువు దానంతట అదే వస్తుంది. ఏ, బీ, సీలకి బదులు పలికే ఆల్ఫా, బ్రావో, చార్లీ వరస కూడా అప్పుడే పట్టేయండి. కస్టమర్ కేర్‌కి పాన్ నంబర్ చెప్పేటప్పుడు కూడా ఉపయోగమే.

బోట్ పుల్లింగ్

ముందు ఈత. లైఫ్ జాకెట్ ఇస్తారు, ఇచ్చింది వేసుకుని తాళ్లు కట్టుకోవాలి, భుజాన వేలాడదీసుకోవడం కాదు. ఊరి చెరువులో ఈదిన అనుభవం ఉన్నా పూల్‌లో ఆగకుండా ఈదడం, నీళ్లలో నిలబడినట్టు తేలడం నేర్చుకోండి. సాధన కోసం ఆర్కే బీచ్‌లో దిగకండి. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, ప్రాణాలు పోతూనే ఉన్నాయి, నేవీ క్యాడెట్ అయినంత మాత్రాన అల మిమ్మల్ని గుర్తుపట్టదు.

మీరు ఎక్కేది సాధారణంగా వేలర్. 27 అడుగుల పొడవు, ముందూ వెనకా రెండు వైపులా కోసుగా ఉంటుంది, ఐదు తెడ్లు: ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు. వెనక చుక్కాని పట్టుకుని కాక్స్‌వెయిన్. తెడ్డు వేసేవాళ్లు వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు, కాబట్టి ఎటు పోతున్నారో మీకు కనబడదు, కాక్స్‌వెయిన్ మాటే మీ కళ్లు. "గివ్ వే టుగెదర్" అంటే అందరూ కలిసి లాగడం మొదలుపెట్టాలి, "ఓర్స్" అంటే లాగడం ఆపి తెడ్లు నీళ్లకి సమాంతరంగా పట్టుకోవాలి, "హోల్డ్ వాటర్" అంటే తెడ్డు నీళ్లలో ముంచి బిగించి పడవని ఆపాలి.

కొత్తవాళ్లు చేతులతో లాగుతారు, పది నిమిషాల్లో భుజాలు పోతాయి. కాళ్లు ఎదుటి అడ్డుపట్టీకి తన్ని పెట్టి, చేతులు చాచి ముందుకి వంగి, తెడ్డు నీళ్లలో పడ్డాక కాళ్లతో, వీపుతో వెనక్కి వాలాలి. చేతులు చివర్లో మాత్రమే మడవాలి. తెడ్డు రెక్క నీళ్లలో మునిగితే చాలు, లోతుగా దింపితే ఇరుక్కుపోయి పిడి వచ్చి కడుపులో పొడుస్తుంది. అలా జరిగితే దానితో కుస్తీ పట్టకుండా వదులుగా పట్టుకుని వెనక్కి వాలండి. మీ ముందు కూర్చున్నవాడి వీపు చూస్తూ అతనితో పాటే వంగండి, నీళ్ల వైపు చూడకండి. ఐదుగురు పహిల్వాన్లు ఎవరి తాళం వాళ్లు వేస్తే పడవ కదలదు, బక్కపలచటి ఐదుగురు ఒకే తాళంలో లాగితే దూసుకుపోతుంది, ఇది కోలాటం లాంటిదే, బలం కన్నా దరువు ముఖ్యం.

ఉంగరాలు, దారాలు తీసేయండి. పిడిని గట్టిగా పిసకకండి, వేళ్లతో కొక్కెంలా పట్టుకుంటే బొబ్బలు తగ్గుతాయి. బొబ్బ వస్తే చిదపకండి, శుభ్రంగా కడిగి కప్పి ఉంచండి. టోపీ, సీసాలో నీళ్లు మరవకండి, నీళ్ల మీద ఎండ కింద నుంచి కూడా కొడుతుంది.

క్యాంపులు

'బి' సర్టిఫికెట్ పరీక్షకి కనీసం ఒక క్యాంపు, 'సి'కి ఇంకోటి కావాలి. కాబట్టి మొదటి రెండేళ్లలో ఒక సీఏటీసీ (కంబైన్డ్ యాన్యువల్ ట్రెయినింగ్ క్యాంప్) తప్పకుండా చేసేయండి, మూడో ఏడు ప్రాజెక్టులు, పీజీ ఎంట్రన్స్‌లతో ఎలాగూ నలిగిపోతారు. సీఏటీసీ పది రోజులు. తెల్లవారకముందే లేపుతారు, పీటీ, డ్రిల్, క్లాసులు, ఫైరింగ్, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్ కాల్. మూడో రోజు ఇంటికి పారిపోవాలనిపిస్తుంది, ఏడో రోజు అలవాటవుతుంది, చివరి రాత్రి కల్చరల్స్ అయ్యాక ఎవరికీ వెళ్లాలనిపించదు.

సామాన్లలో జనం మరిచేవి: దోమతెర, కట్టడానికి నాలుగు తాడు ముక్కలు, తాళం, ప్లేటు, గ్లాసు, టార్చి, బట్టలకి క్లిప్పులు, రెండు జతల సాక్సులు ఎక్కువ, ఓఆర్ఎస్ పొట్లాలు. ప్రతి వస్తువు మీదా పేరు రాయండి, తెల్లబట్టలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆరేసిన చోట మీది ఏదో మీకే తెలియదు. అమ్మ ఆవకాయ కడితే వద్దనకండి, ఐదో రోజుకి మీరే క్యాంపులో అత్యంత ప్రియమైన వ్యక్తి అవుతారు. డబ్బు, బంగారం, ఖరీదైన ఫోన్ ఇంట్లోనే వదిలేయండి.

ఫైరింగ్‌లో పాయింట్ టూ టూ రైఫిల్ ఇస్తారు. బోర్లా పడుకుని, సగం ఊపిరి వదిలి, ఆపి, ట్రిగ్గర్‌ని నెమ్మదిగా నొక్కాలి, గుంజకూడదు. ఎప్పుడు పేలిందో మీకే ఆశ్చర్యంగా అనిపిస్తే సరిగా నొక్కినట్టు.

పెద్ద క్యాంపుల్లో నేవీ వాళ్లకి ప్రత్యేకమైనది నౌ సైనిక్ క్యాంప్. బోట్ పుల్లింగ్, రిగ్గింగ్ (పడవకి తెరచాప, తాళ్లు అమర్చడం), సెమాఫోర్, షిప్ మోడలింగ్, ఫైరింగ్‌లలో దేశంలోని 17 డైరెక్టరేట్ల జట్లు పోటీపడతాయి. ఎంపిక మెట్లు మెట్లుగా జరుగుతుంది, నెలల తరబడి క్లాసులకి దూరం కావాలి. పరిగెత్తడంలో వెనకబడ్డవాళ్లు నిరాశపడకుండా షిప్ మోడలింగ్ వైపు చూడండి. బాల్సా చెక్కని కొలత ప్రకారం కోసి, అతికించి, నునుపు పట్టి ఓడ నమూనా చేయడం అది, ఓపిక, చేతి నైపుణ్యం ఉన్నవాళ్లకి మంచి దారి, పోటీ కూడా తక్కువ. జనవరిలో ఢిల్లీలో జరిగే రిపబ్లిక్ డే క్యాంపు అందరి కలా, దానికి డ్రిల్ అసాధారణంగా ఉండాలి, ఒక సెమిస్టర్ దానికే అర్పించాలి. ఇంట్లో, కాలేజీలో మాట్లాడుకున్నాకే పేరు ఇవ్వండి.

ఓడ ఎక్కే రోజు

విశాఖలో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది కాబట్టి మన క్యాడెట్లకి ఓడ చూసే అవకాశం మిగతా ఊళ్ల వాళ్లకన్నా ఎక్కువే. ఈలోగా బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఒకసారి వెళ్లిరండి, 1969 నుంచి 2001 దాకా పనిచేసిన అసలు సబ్‌మెరైన్ అది. లోపల నడుస్తుంటేనే తెలుస్తుంది, అంత ఇరుకులో మనుషులు ఎలా బతికారో.

ఓడ మీద ముందుకి చూస్తూ నిలబడితే ఎడమ పోర్ట్, ఎర్ర దీపం. కుడి స్టార్‌బోర్డ్, ఆకుపచ్చ దీపం. నిచ్చెన దిగేటప్పుడు నిచ్చెన వైపే ముఖం పెట్టి దిగండి. తలుపుల గడపలు ఎత్తుగా ఉంటాయి, మోకాలి చిప్ప జాగ్రత్త. చెప్పకుండా ఏ చక్రం, ఏ బటన్ ముట్టుకోవద్దు.

ఫోన్ సంగతి సరదా కాదు. 2019 చివర్లో విశాఖలో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ వాళ్లు గూఢచర్యం కేసు బయటపెట్టి నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశాక, నేవీ తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లని నిషేధించింది. గేటు దగ్గర ఇచ్చేయమంటే ఇచ్చేయండి. ఏ ఓడ ఎక్కడుంది, ఎప్పుడు వెళ్తోంది అనేది ఇన్‌స్టా స్టేటస్‌కి పనికొచ్చే విషయం కాదు.

కడుపులో తిప్పితే: ఖాళీ కడుపుతో ఉండకండి, నూనె వస్తువులు తినకండి, బిస్కెట్లలాంటివి కొంచెం కొంచెంగా తినండి. లోపల బంకు (ఓడలోని పడక) మీద పడుకోకుండా అనుమతి ఉన్న చోట బయటి గాలిలో, ఓడ మధ్య భాగంలో నిలబడి దూరంగా ఆకాశం నీళ్లని తాకే గీతని చూడండి. నిమ్మకాయ జేబులో వేసుకెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు, నవ్వకండి.

పరీక్ష, ఆ తర్వాత

రెండో ఏడు 'బి', మూడో ఏడు 'సి'. రాతపరీక్ష, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. నేవల్ సబ్జెక్టులతో పాటు డ్రిల్, ఆయుధ శిక్షణ, విపత్తు నిర్వహణ, ఎన్‌సీసీ చరిత్ర కూడా చదవాలి. ఎన్‌సీసీ 1948లో, నేవల్ వింగ్ 1952లో మొదలయ్యాయి, నవంబర్ నాలుగో ఆదివారం ఎన్‌సీసీ డే, 1971లో కరాచీ రేవు మీద దాడికి గుర్తుగా డిసెంబర్ 4 నేవీ డే. ఇలాంటివి ముందురోజు చూసుకున్నా గుర్తుంటాయి. ముడులు, సెమాఫోర్ ముందురోజు రావు.

'సి'లో కనీసం 'బి' గ్రేడు తెచ్చుకోవడానికి ప్రయత్నించండి, ప్రత్యేక ఎంట్రీలు దాన్ని అడుగుతాయి. సీడీఎస్‌లో (సైన్యంలో ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే పరీక్ష) నేవల్ అకాడమీకి ఎన్‌సీసీ నేవల్ వింగ్ వాళ్ల కోసం కొన్ని ఖాళీలు ఉంటాయి, కానీ అకాడమీకి ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి. బీఎస్సీ, బీకామ్ వాళ్లు ఈ ఒక్క దారి మీదే ఆశ పెట్టుకోకుండా నేవీ వెబ్‌సైట్‌లో షార్ట్ సర్వీస్ (కొన్నేళ్లకే పరిమితమైన ఆఫీసర్ ఉద్యోగం) నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి, వయసు, మార్కుల షరతులు ప్రతిసారీ చదవాల్సిందే. ఏ దారైనా మధ్యలో ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ) ఉంటుంది, అక్కడ సర్టిఫికెట్ కన్నా మీరు మాట్లాడే తీరు చూస్తారు. "క్యాంపులో నీ బాధ్యత ఏంటి?" అంటే చెప్పడానికి నిజమైన సంగతి ఉండాలి.

సర్టిఫికెట్ వచ్చాక అక్కడికక్కడే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, రెజిమెంటల్ నంబర్, గ్రేడు సరిచూసుకోండి. తప్పుంటే ఆ రోజే ఏఎన్‌వోకి రాతపూర్వకంగా ఇవ్వండి, కాలేజీ వదిలాక యూనిట్ చుట్టూ తిరగడం చాలా కష్టం. స్కాన్ చేసి మెయిల్‌లో ఒక కాపీ పెట్టుకోండి, అసలుది మాత్రం లామినేషన్ చేయించకండి.